మాణిక్యం తీరం దాటే రోజు

రేడియోలో వాతావరణం చెప్పే ఆవిడ ఇవాళ జిల్లాల జోలికి పోకుండా నేరుగా గ్రంధి బుల్లియ్య ఇంటికే వచ్చేస్తుంది.

"బుల్లియ్యగారి వంటింట్లో ఏర్పడిన అల్పపీడనం బలపడి ఆయన భార్య మాణిక్యంలో కేంద్రీకృతమై ఉంది. ఇది తూర్పుగా కదిలి ఈ సాయంత్రానికి తీరం దాటే అవకాశం ఉంది. చేపల వేటకు వెళ్ళేవారికి ఇబ్బందేమీ లేదు. ఇంటాయనకు మాత్రం మూడో నంబరు హెచ్చరిక."

బుల్లియ్య కాఫీ గ్లాసు కింద పెడతాడు. సరుకు ఎక్కడుందో, ఎటు పోతోందో, ఎప్పటికి పోతుందో ఒక్క గుక్కలో చెప్పగలిగిన మనిషంటే ఆయనకు మొదట్నుంచీ గౌరవం. రేడియో కట్టేసి, అలవాటు చొప్పున అరుగు దిగి ముందు ఆకాశం చూస్తాడు. అది తోమి బోర్లించిన కంచంలా ఉంది. మబ్బన్నది లేదు. ఆ తర్వాత, ఏనాడూ లేనిది, వంటింట్లోకి తొంగి చూస్తాడు.

మబ్బులు అక్కడున్నాయి.

మాణిక్యం గంజి వారుస్తోంది. ఆవిడ ముడిలోంచి సన్నటి తెల్లటి మబ్బు, ఏకిన దూదిలాగా, పోగులు పోగులుగా లేచి వాసాలకు చుట్టుకుంటోంది.

"ఏమే, ఎప్పట్నుంచి?" అంటాడు బుల్లియ్య.

"తెల్లారగట్ట తల దువ్వుకుంటుంటే మొదలైందండీ. దువ్వెన నిండా ఇదే."

బుల్లియ్య ఒక పోగు అందుకుని రెండు వేళ్ళ మధ్య నలిపి చూస్తాడు. మనసు కుదుటపడుతుంది. "ఇది ఎత్తు మబ్బులే. తేలిక సరుకు. కురిసే రకం కాదు."

"ఎత్తెక్కడండీ, వాసాల దాకానేగా ఉంది?"

"రకం చూడాలి గానీ ఎత్తు చూడకూడదు," అని చెప్పి పెరట్లోకి నడుస్తాడు.

పెరడంతా తాండ్ర చాపలు. బుల్లియ్యది మామిడి తాండ్ర వ్యాపారం. కోలంగోవ పళ్ళ రసం తీసి, బెల్లం కలిపి, తాటాకు చాప మీద పల్చగా పోస్తారు. అది ఆరాక దాని మీద ఇంకో పొర. అదీ ఆరాక మరొకటి. వేసవంతా అలా పొర మీద పొర పెరుగుతుంది. ఇవాళ పోసేది ఆఖరి పొర. ఇది గనక ఆరితే ఏడాది గట్టెక్కినట్టే. తడిస్తే అడుగు పొర దాకా బూజు పడుతుంది. పశువులు కూడా ముట్టుకోవు.

అందుకే ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. చాపలు ఎండలో ఉన్నన్నాళ్ళూ పైనుంచి పడే నీళ్ళ పేరు ఎవరూ ఎత్తరు. చెప్పక తప్పనప్పుడు గడ్డం పైకెగరేసి చూపిస్తారు, అంతే. అలాగే, ఎవరూ కంట తడి పెట్టకూడదు. నీళ్ళు ఎక్కణ్ణుంచి పడినా నీళ్ళేనని బుల్లియ్య నాన్న లెక్క. పిల్లాడి మోకాలు చిట్లినా వాణ్ణి వీధిలోకి తీసుకుపోయి అక్కడ ఏడవనిచ్చేవారు.

మాణిక్యం తల్లి శేషమ్మ ఈ వేసవిలోనే పోయింది. పుట్టింట్లో కార్యాలు ముగించుకుని మాణిక్యం పోయిన వారమే తిరిగొచ్చింది. అక్కడ కూడా ఆవిడ కన్ను తడవలేదు. బయలుదేరేటప్పుడే బుల్లియ్య బండి పక్కన నిలబడి నెమ్మదిగా చెప్పాడు. "అక్కడ మొదలైతే ఇక్కడి దాకా ఆగదు. చాపలు ఎండలోంచి లేచాక ఎంత కావాలంటే అంత ఏడుద్దువుగాని." వాయిదా వేస్తే పాడయ్యే సరుకు కాదు గదా అనుకున్నాడు. ఆవిడ సరేనని తలూపింది.

ఆఖరి పొర పొయ్యడానికి మాణిక్యం గరిటె పట్టుకుని పెరట్లోకి వస్తుంది. ఆవిడతోపాటు నీడ కూడా వస్తుంది.

"ఆయ్, అయ్యగారండీ," అంటుంది రసం బానలు మోసే నూకరత్నం. "అమ్మగారు ఎటు నడిత్తే అటే మబ్బండి. ఎండంతా గోడవతల మేత్తోందండి."

"అయితే గోడ జరుపు."

"ఆళ్ళనీ ఈళ్ళనీ జరిపాను గానండి, గోడనెప్పుడూ జరపలేదండి." అంటూనే నూకరత్నం కొంగు బిగించి గోడకు భుజం ఆనిస్తుంది. గోడ జరుగుతుంది. ఎండ మాత్రం దానితోపాటే ఇంకాస్త అవతలికి పోతుంది. "మా ఆయన నెత్తి మీద ఇలాంటిదొకటుంటే బాగుండునండి. గొడుక్కని డబ్బట్టుకుపోయి కల్లు తాగకుండా ఉండును."

మాణిక్యం నవ్వుతుంది. నవ్వినప్పుడు మబ్బు రకం మారుతుంది. దూది పోగులు చిన్న చిన్న బిళ్ళలుగా విడిపోయి, వరసగా సర్దుకుని, చేప పొలుసుల్లా పరుచుకుంటాయి. బుల్లియ్య నవ్వడు. చేప పొలుసు మబ్బంటే వెనకాల ఇంకేదో వస్తోందని అర్థం. అది సరుకు కాదు, సరుకు కోసం ఇచ్చే బయానా.

అప్పుడే వాతావరణం ఆఫీసు ఆయన సైకిలు మీద వస్తాడు. పేరు నిట్టల భాస్కరం. భుజాన పొడుగాటి కొయ్య, వెనక సీటు మీద, రేవుల్లో తుఫాను గుర్తుగా ఎగరేసే నల్లరంగు డబ్బాలు.

"హెచ్చరిక కట్టడానికి వచ్చానండి. కొయ్య ఎక్కడ పాతమంటారు?"

"ఎండ లేని చోట పాతుకో బాబూ. ఎండున్న చోటల్లా నాకు చాపలున్నాయి."

భాస్కరం చుట్టూ చూసి, మాణిక్యం వెనకాల రెండడుగుల దూరంలో కొయ్య పాతి, మూడో నంబరు డబ్బా ఎగరేస్తాడు. ఆవిడ ఇంకో చాప దగ్గరికి జరగగానే కొయ్య కూడా మట్టిలోంచి కాళ్ళు పీక్కుని ఆవిడ వెనకాలే నడుస్తుంది.

"రెండు చేసుకో," అంటాడు బుల్లియ్య.

"ఏంటండీ?"

"మూడు ఎక్కువ చెప్పావు. రెండుకి ఖాయం చేసుకో."

"ఇది వంకాయల బేరం కాదండి. సాయంత్రానికి పదికి పోతుంది." భాస్కరం జేబులోంచి చిన్న అద్దం తీసి అందులో మబ్బుని చూస్తాడు. "ఇంతకీ మీరేమంటారు? ఏ రకం?"

అడిగినవాడు ఎవరైనా, సరుకు మీద మాట చెప్పమంటే బుల్లియ్య కాదనలేడు. మాణిక్యం చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తాడు. పొలుసులు పోయాయి. ఇప్పుడు ఆవిడ భుజాల మీంచి తెల్లటి కుప్పలు లేస్తున్నాయి, కింద చదునుగా, పైన కాలీఫ్లవర్ పువ్వులా. ఎండలో వాటి అంచులు మెరుస్తున్నాయి.

"కుప్ప మబ్బు. చూడ్డానికి గంభీరం, లోపల డొల్ల. ఇలాంటివి మధ్యాహ్నానికి పెరిగి పొద్దు వాలేసరికి వాటంతటవే కరిగిపోతాయి. కంగారు లేదు."

"కరగకపోతే?"

"పైకి పోతుంది. పోయి పోయి ఎక్కడో తల తగిలి, కమ్మరి దాగలిలాగా పైన చదునైపోతుంది. అప్పుడిక..." బుల్లియ్య మాట మింగేసి గడ్డం పైకెగరేస్తాడు.

"ఆ మాట చెప్పరేంటండీ?"

"చాపలున్నాయి," అంటాడు బుల్లియ్య.

భోజనాల వేళకి కుప్పలు మామిడికొమ్మల కన్నా ఎత్తుకు పోతాయి. పెరటి గుమ్మం దూరంగా జరిగి పోతుంది, అక్కడ నిలబడ్డ నూకరత్నం బొటనవేలంత కనిపిస్తుంది. సముద్రం ఊరికి చాలా దూరం. ఆ దూరాన్ని ఎవరో చాప చుట్టినట్టు చుట్టేసినట్టున్నారు, అన్నంలో మజ్జిగ పోసుకునే సరికి గోడవతల అలల చప్పుడు వినిపిస్తుంది. తలుపు కింద సందులోంచి నురగ వచ్చి, సంగతేమిటో చూసుకుని, వెనక్కి పోతుంది.

బుల్లియ్య తన దగ్గరున్న ఉపాయాలన్నీ ఒక్కొక్కటే బయటికి తీస్తాడు.

ముందు టార్పాలిన్. మబ్బు పడితే చాపల మీద పట్టా కప్పుతారు. ఇప్పుడు మబ్బు మీదే కప్పితే ఖర్చు ఒకటే, ఫలితం రెట్టింపు. మాణిక్యాన్ని పీట మీద కూర్చోబెట్టి నాలుగు మూలలా రాళ్ళు పెట్టి కప్పుతాడు. ఆవిడ లోపల బుద్ధిగా కూర్చుంటుంది.

"ఎలా ఉందే?"

"ఉక్కగా ఉందండీ. అమ్మ గుర్తొస్తోంది."

టార్పాలిన్ గుండ్రంగా ఉబ్బుతుంది. రాళ్ళు ఒక్కొక్కటీ తేలి గాల్లో ఆవిడ చుట్టూ మెల్లగా తిరుగుతాయి. టార్పాలిన్ కొబ్బరిచెట్ల మీదుగా పడమటికి ఎగిరిపోతుంది. అక్కడ ఎవరికి దాంతో పనుందో మరి.

తర్వాత వేలు. తాండ్ర ఆరిందో లేదో బొటనవేలు నొక్కి చూస్తారు. అంటుకోకపోతే ఆరినట్టు. అలాంటప్పుడు చుట్టి లోపల పెట్టెయ్యొచ్చు. ఈ మబ్బూ పొర మీద పొరగానే పెరిగింది కదా. ఆరి ఉంటే చుట్టి పెట్టెలో పెట్టేస్తే సరిపోతుంది. బుల్లియ్య నిచ్చెన వేసుకుని ఎక్కి, మాణిక్యం తల మీద ఉన్న కుప్పలో బొటనవేలు గట్టిగా నొక్కుతాడు. వేలు మొదలంటా దిగబడుతుంది. తీస్తే తడి.

"ఇంకా ఆరలేదు. ఒక్క ఎండ తగిలితే సరిపోతుంది."

"ఇది ఆరేది కాదండీ," అంటుంది మాణిక్యం కిందినుంచి. కోపంగా కాదు. బజారులో పక్కవాళ్ళకి వస్తువు మన్నిక చెప్పినట్టు చెబుతుంది. "వారం నుంచీ ఎండలోనే ఉన్నానుగా."

మబ్బు ముదురుతుంది. అడుగున బూడిద రంగు తిరిగి, దుప్పటిలా పరుచుకుని, పెరడంతా కప్పేస్తుంది. చాపల మీద కొత్తగా పోసిన రసం మెరుపు చచ్చిపోతుంది. కొయ్య మీద భాస్కరం ఏడో నంబరు డబ్బా ఎగరేసి, చేతులు దులుపుకుంటాడు.

"దాటితే ఏమవుతుంది?" అంటాడు బుల్లియ్య. ఈసారి గొంతులో బేరం లేదు.

"దాటాక మా పరిధి కాదండి. అవతలి స్టేషనువాళ్ళు చెబుతారు."

"తిరిగి రాదా?"

"తీరం దాటినవి ఎక్కడైనా తిరిగొచ్చాయా చెప్పండి?"

"మరి ఆపే దారి?"

"కురిస్తే బలహీనపడుతుందండి. కురవనంత సేపూ కదులుతూనే ఉంటుంది. ఎక్కడ కురిస్తే అక్కడ ఆగుతుంది. ఆవిడ దగ్గర కావలసినంత ఉందండి. విడుదల చెయ్యడానికే అనుమతి రాలేదు."

"ఎవరివ్వాలి?"

భాస్కరం జేబులో చెయ్యి పెడతాడు. తన అద్దాన్ని తుడిచి బుల్లియ్య మొహానికి ఎదురుగా పెడతాడు. అద్దంలో బుల్లియ్యకు మబ్బు తప్ప ఇంకేమీ కనిపించదు.

మాణిక్యం లోపలికి వెళ్ళి చిన్న సంచీతో వస్తుంది. పాదాలు నేలకు జానెడు ఎత్తున ఉన్నాయి. అయినా గడప దగ్గర అలవాటుగా కాలెత్తి దాటుతుంది.

"ఏవండీ, పప్పు ఉట్టి మీదుంది. పెరుగు తోడేశాను. చారు కాస్త వెచ్చబెట్టుకోండి. నూకరత్నానికి పాత చీరిస్తానన్నాను, దండెం మీదుంది, ఇచ్చెయ్యండి."

"ఎక్కడికే?"

"అమ్మ దగ్గరికే అనుకుంటానండీ. అటే లాగుతోంది."

"శేషమ్మగారు..." బుల్లియ్య ఆగుతాడు. పోయారు కదా అని ఆయన నోట్లో ఉంది. ఆ మాట అంటే ఆవిడ కళ్ళు ఏమవుతాయో, ఆ కళ్ళు ఏమైతే చాపలు ఏమవుతాయో లెక్క చూసుకుంటాడు. ఈ లెక్క ఆయన పదే పదే చూశాడు, బండి పక్కన నిలబడ్డ రోజు నుంచీ. ఎన్నిసార్లు చూసినా చాపల వైపే మొగ్గింది. సరుకు కళ్ళెదుట ఉంటుంది, దుఃఖం కనపడదు. కనపడనిదానికి తూకం ఎవరు వేస్తారు?

"ఒక్క నిమిషం కాటాలో కూర్చో," అంటాడు.

దుకాణం గదిలో దూలానికి పెద్ద కాటా వేలాడుతోంది. మాణిక్యం మారు మాట్లాడకుండా ఒక తట్టలో సర్దుకుని కూర్చుంటుంది. రెండో తట్ట ఖాళీ. ఖాళీ తట్టే ధన్‌మని నేలకు ఆనుతుంది. మాణిక్యం కూర్చున్న తట్ట దూలం దాకా లేచిపోతుంది. బుల్లియ్య తన అరచేతిని ఆవిడ తట్ట అంచున ఆనించి కిందికి నొక్కుతాడు. చెయ్యి తీస్తే మళ్ళీ లేస్తుంది. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఖాళీకన్నా తేలికైన సరుకు ఆయన తూచలేదు.

"చూశారా," అంటుంది మాణిక్యం పైనుంచి. "నన్నాపితే మీకే కష్టం."

గోడ అటువైపు నించి నీళ్ళు పెరట్లోకి వచ్చేశాయి. అలలు మొదటి వరస చాపల దాకా వచ్చి ఆగుతున్నాయి, ముట్టుకోవడం లేదు. అంతవరకే పని అన్నట్టు. మాణిక్యం కాటా దిగి, గాల్లోనే నడుచుకుంటూ వాటి వైపు పోతుంది. తల మీద మబ్బు దాగలిలా చదునైపోయింది. అందులో అక్కడక్కడా మెరుపు, చప్పుడు లేకుండా. కొయ్య మీద పదో నంబరు.

బుల్లియ్య వెనకాలే పరుగెత్తుతాడు. ఆవిడ మడమ అందుతుంది. పట్టుకుంటాడు. చల్లగా ఉంది.

"ఇక్కడే..." అని గడ్డం పైకెగరేస్తాడు. ఇంట్లో అందరూ చేసే సైగే. మాణిక్యం ఎప్పుడూ ఆయన సైగ మీరలేదు. గడ్డం ఎటు చూపిస్తే అటు పోతుంది, అంటే ఇంకాస్త పైకి లేస్తుంది. మడమ చేతిలోంచి జారి వేళ్ళు మాత్రం మిగులుతాయి.

"అయ్యగారండీ, నోరెట్టి చెప్పండి!" అని అరుస్తుంది నూకరత్నం, బొటనవేలంత దూరం నుంచి. "సైగల్జేత్తే ఆడోళ్ళకెక్కడర్థమవుద్దండీ!"

బుల్లియ్య వెనక్కి తిరిగి చాపలు చూస్తాడు. వరసలు వరసలుగా ఎర్రటి పసుపు. వేసవంతా అక్కడే ఉంది. ఆ తర్వాత చేతిలో ఉన్న కాలివేళ్ళు చూస్తాడు. బొటనవేలి పక్క వేలికి మట్టె వదులై తిరుగుతోంది. అది ఎప్పుడు వదులైందో ఆయనకు తెలియదు. వాసాల మీది మబ్బు దగ్గర్నుంచి దాగలి మబ్బు దాకా ఒక్కోదాని స్వభావం చెప్పగలడు గానీ.

"వాన," అంటాడు.

ఆ మాట నోట్లో తుప్పు పట్టింది. సరిగ్గా రాదు. మళ్ళీ అంటాడు.

"వాన పడనీ మాణిక్యం. ఇక్కడే పడనీ. చాపల మీదే పడనీ. మీ అమ్మ పోయిందే. శేషమ్మగారు పోయారు. ఏడువ్."

మాణిక్యం ఆగుతుంది. గాల్లో వెనక్కి తిరుగుతుంది. ఆయన నిజంగానే అన్నాడా, లేక ఎండ దెబ్బా అన్నట్టు చూస్తుంది.

"చాపలు లేవలేదుగా అండీ?"

"లేవలేదు."

"మరి?"

"మరీ లేదు గిరీ లేదు. కానియ్."

మొదటి చుక్క బుల్లియ్య కాలి దగ్గరి చాప మీద పడుతుంది. గోరువెచ్చగా, ఉప్పగా. ఆయన ఒళ్ళు మొత్తం టార్పాలిన్ కోసం ఉలిక్కిపడుతుంది. ఒక చెయ్యి నిజంగానే అటు పోతుంది. రెండో చెయ్యి దాన్ని పట్టి వెనక్కి లాగుతుంది.

ఆ తర్వాత మబ్బంతా ఒక్కసారే తెగుతుంది. "అమ్మా!" అంటుంది మాణిక్యం. "ఒక్క కబురైనా పెట్టావా అమ్మా! ఆవకాయ జాడీలు కడిగి ఉంచమన్నావు, కడిగి ఉంచాను కదమ్మా! ఎవరి కోసం ఉంచానమ్మా!" ఒక్కో మాటకీ ఒక్కో జల్లు. పెరట్లో పడుతుంది, వంటింట్లో పడుతుంది, బుల్లియ్య నోట్లో పడుతుంది. జల్లు తగ్గినకొద్దీ ఆవిడ కిందికి దిగుతుంది. పాదాలు బురదలో దిగబడతాయి. బరువుగా, చప్పుడయ్యేలా దిగబడతాయి. ఆ చప్పుడు విని బుల్లియ్య ఆవిడ పక్కనే బురదలో చతికిలబడతాడు.

"చాపలండీ! కప్పనాండీ?" నూకరత్నం పరుగెత్తుకొస్తుంది.

"తడవనీ."

"అన్నీనాండీ?"

"కొన్ని తడిపి కొన్ని ఆపితే వానెలా అవుతుందే?"

నూకరత్నం ఒక్క క్షణం ఆలోచించి, అదీ నిజమేననుకుని, తను కూడా ఆవిడ పక్కన కూర్చుని, తన కారణాలేవో తనకున్నట్టు, గొంతెత్తి ఏడుస్తుంది.

భాస్కరం డబ్బాలన్నీ దించి సైకిలుకు కట్టుకుంటాడు. సముద్రం మర్యాదగా తన అంచులు మడుచుకుని గుమ్మంలోంచి బయటికి పోతుంది. భాస్కరం కూడా దాని వెనకాలే, బెల్లు కొట్టుకుంటూ.

పొరలన్నీ కరిగాయి. పెరడంతా చిక్కటి పసుపు రసం. అది పల్లానికి పారిపోకుండా, ఎక్కడికక్కడ గుండ్రంగా దగ్గరపడి, ముద్దలై, తొక్క కట్టుకుంటుంది. ఒక్కొక్క ముద్దా వాన వెంటే పైకి లేస్తుంది. చెట్టు లేదు, కొమ్మ లేదు. కోసినప్పుడు ఏ ఎత్తున వేలాడాయో అదే ఎత్తున కాయలు గాల్లో నిలబడతాయి. వేసవంతా పిండిన కాయలన్నీ అక్కడే, తొడిమల చివర పాలు కారుతూ.

మాణిక్యం ముక్కు చీదుకుని లేస్తుంది. వాటి మధ్య నడిచి, ఒకదాన్ని తట్టి చూసి, వదిలి, ఇంకోదాన్ని కోసి తెస్తుంది. కత్తిపీట వేసుకుని బురదలోనే కూర్చుని కాయను నిలువునా రెండుగా కోస్తుంది.

లోపల టెంక లేదు. టెంక ఉండాల్సిన చోట చిన్న పెరడు ఉంది. అందులో చుక్క తడి లేదు. నడినెత్తిన ఎండ కాస్తోంది. వేలి గోరంత శేషమ్మ తలంటు పోసుకుని, పీట మీద వీపు ఇటు పెట్టి కూర్చుని, తెల్లటి జుట్టు చిక్కులు తీసుకుంటూ ఆరబెట్టుకుంటోంది.

మాణిక్యం కత్తిపీట పక్కకి జరిపి వంగి చూస్తుంది. బుల్లియ్య కూడా వంగుతాడు.

"ఎవర్రా తలుపు తీసింది?" అంటుంది శేషమ్మ, ఇటు తిరక్కుండానే. "మూయండర్రా. ఎండంతా బయటికి పోతోంది."

బుల్లియ్య మాణిక్యం మొహం చూస్తాడు. ఆవిడ తలూపుతుంది. ఆయన రెండు చెక్కలనూ రెండు అరచేతుల్లోకి తీసుకుని, అంచుకు అంచు సరిపోయేలా, మెల్లగా దగ్గరికి మూస్తాడు. కాయ అతుక్కుంటుంది. వానలో తడుస్తూ ఇద్దరూ దాన్ని నాలుగు చేతులతో పట్టుకుని కూర్చుంటారు. అది వెచ్చగా ఉంది. లోపల ఎవరో దువ్వెన విదిలించిన చప్పుడు.